హార్మోన్ మాత్ర మానకుండా సైడ్ ఎఫెక్ట్స్‌ని అదుపులో పెట్టుకోవడం ఎలా

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోయాక చేతికి వచ్చే హార్మోన్ మాత్ర చాలా చిన్నది. రోజుకి ఒక్కటే. కానీ అయిదేళ్ళు వేసుకోవాలి, కొందరైతే ఏడు, పదేళ్ళు కూడా. గండం గడిచిందనుకుంటున్న మనిషికి ఈ మాత్రే రాత్రి నిద్ర లేకుండా చేస్తుంటే, పొద్దున్నే వేళ్ళు ముడుచుకోనివ్వకుండా చేస్తుంటే మానేయాలనిపించడం సహజం. చాలామంది మానేస్తారు కూడా, డాక్టరుకి చెప్పకుండా. ప్రమాదం అక్కడే ఉంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ని అందుకుని పెరిగేదని తేలిన క్యాన్సర్‌లో అయిదేళ్ళు టామాక్సిఫెన్ అనే మాత్ర వాడితే, మొదలుపెట్టిన నాటి నుంచి పదిహేనేళ్ళలో ఆ జబ్బు వల్ల వచ్చే మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయి. అంత మేలు చేసే మందుని ఒక దుప్పటి తడిసిన రాత్రి కోపంలో వదులుకోకూడదు. అలాగని పళ్ళ బిగువున ఓర్చుకోనక్కర్లేదు. దాదాపు ప్రతి ఇబ్బందికీ చేయగలిగింది ఉంది. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే మాత్రనే మార్చడం.

ముందు మీ మాత్ర ఏదో చూసుకోండి

స్ట్రిప్ మీద టామాక్సిఫెన్ 20 మి.గ్రా. అని ఉంటే, అది ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని తగ్గించదు. రొమ్ము కణాల్లో ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునే చోటుని తాను ఆక్రమిస్తుంది. గర్భసంచిలో, ముట్లు ఆగినవాళ్ళ ఎముకల్లో మాత్రం తానే ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది. అందుకే ఎముకలకి మేలు, గర్భసంచి లోపలి పొరకి కొంత చేటు.

అనస్ట్రోజోల్ 1 మి.గ్రా., లెట్రోజోల్ 2.5 మి.గ్రా., ఎక్సిమెస్టేన్ 25 మి.గ్రా. అయితే అవి అరోమటేజ్ ఇన్హిబిటర్లు. ముట్లు ఆగాక కూడా కొవ్వులోనూ కండరాల్లోనూ తయారయ్యే ఆ కాస్త ఈస్ట్రోజెన్‌ని ఇవి రానివ్వవు. కీళ్ళ బిగుసు, ఎముకలు గుల్లబారడం, యోని పొడిబారడం వీటితో ఎక్కువ. ఎక్సిమెస్టేన్‌ని భోజనం తర్వాతే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటబట్టదు.

అండాశయాలు ఇంకా పనిచేస్తున్నవాళ్ళకి అరోమటేజ్ ఇన్హిబిటర్ ఒక్కటే ఇస్తే పనిచేయదు. అండాశయాల్ని నిద్రపుచ్చే ఇంజక్షన్ కూడా ఉండాలి, ఉదాహరణకి గోసెరెలిన్ 3.6 మి.గ్రా. 28 రోజులకొకసారి. ఆ తేదీ జారకూడదు. కీమో వల్ల నెలసరి ఆగిపోయి ఈ మాత్ర మీద ఉన్నవాళ్ళకి మళ్ళీ నెలసరి కనబడితే అండాశయాలు మేలుకున్నాయేమోనని అనుమానించాలి. వెంటనే చెప్పండి, ఆ రోజుల్లో మాత్ర వృథాగా పోతుంటుంది.

రెండు వారాల పుస్తకం

డాక్టరు గదిలో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. "ఒళ్ళు వేడెక్కుతోందండీ" అంటే "మామూలేనమ్మా" అనే జవాబు వస్తుంది. "రాత్రికి మూడుసార్లు బట్టలు మారుస్తున్నానండీ" అంటే చీటీ మీద పెన్ను కదులుతుంది. అపాయింట్‌మెంట్‌కి రెండు వారాల ముందు నుంచి రోజుకి రెండు మూడు వరుసలు రాయండి. ఇలా:

మంగళవారం. రాత్రి 2.10కి మెలకువ. మెడ వెనక, వీపు తడి. బట్టలు మార్చాను. మళ్ళీ నిద్ర పట్టేసరికి 3.20. పగలు నాలుగు ఆవిర్లు, మూడు తేలిక, ఒకటి చేస్తున్న పని ఆపేంత. పొద్దున పిడికిలి పూర్తిగా బిగియడానికి 35 నిమిషాలు.

ఇంతే చాలు. ఏ చికిత్స మొదలుపెట్టినా నాలుగు వారాల తర్వాత మళ్ళీ ఇలాగే రాసి పోల్చి చూస్తే పనిచేసిందో లేదో అంకెలే చెబుతాయి. జ్ఞాపకం మీద ఆధారపడితే నిన్నటి చెడ్డ రాత్రి నెలంతటినీ మింగేస్తుంది.

వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు

ఈస్ట్రోజెన్ తగ్గినా, దాని పనికి అడ్డు పడినా మెదడులో ఒంటి వేడిని చూసుకునే కేంద్రం అతి సున్నితంగా తయారవుతుంది. మామూలుగా పట్టించుకోనంత చిన్న వేడి పెరిగినా చెమట పట్టించి, చర్మానికి రక్తం పరుగెత్తించి చల్లార్చే ప్రయత్నం చేస్తుంది. కాబట్టి మొదటి పని ఆ చిన్న పెరుగుదలని అడ్డుకోవడం. ఒక మందపాటి దుప్పటికి బదులు రెండు మూడు పలచటివి కప్పుకుంటే ఒక్కొక్కటే తీసేయొచ్చు. నూలు బట్టలు, తలవైపు గాలి, మంచం పక్కన చల్లటి నీళ్ళు, తడిపి పిండిన చిన్న తువ్వాలు. చాలామందికి ఆవిరి రాబోయే ముందు కొన్ని క్షణాలు గుండె దడగానో, అకారణమైన కంగారుగానో అనిపిస్తుంది. ఆ క్షణంలోనే నాలుగు గుక్కల చల్లటి నీళ్ళు తాగి తువ్వాలు మెడ వెనక వేసుకోండి. చెమట పట్టాక చేస్తే ఆలస్యమే. మద్యం, ఘాటైన తిండి, పొగలు కక్కే కాఫీ, మూసిన గది, కోపం వంటివాటిలో మీకు నిప్పు రాజేసేది ఏదో పుస్తకం చెబుతుంది. అన్నీ మానేయనక్కర్లేదు, మీదేదో అది మానండి.

ఇంతవరకూ చేసినా రాత్రికి రెండుసార్ల కంటే ఎక్కువ లేస్తుంటే మందు అడగడానికి సంకోచించకండి. వెన్లఫాక్సిన్ సాధారణంగా 37.5 మి.గ్రా.తో మొదలుపెట్టి 75కి పెంచుతారు. ఒకటి రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. మొదటి వారం వికారం ఉండొచ్చు, తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. బీపీ చూసుకోవాలి. దీన్ని టక్కున ఆపితే తల తిరుగుడు, చిరాకు వస్తాయి కనుక మెల్లగా తగ్గించాలి. రాత్రి చెమటలే ప్రధానమైతే గాబాపెంటిన్ 300 మి.గ్రా. పడుకునే ముందు ఇస్తారు. దాని మత్తే ఇక్కడ ఉపకరిస్తుంది. కానీ వృద్ధులు రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు తూలిపడకుండా జాగ్రత్త పడాలి. ఆక్సిబ్యుటినిన్ 2.5 లేదా 5 మి.గ్రా. రోజుకి రెండుసార్లు కూడా బాగా పనిచేస్తుంది. నోరెండిపోవడం, మలబద్ధకం దాని ఖరీదు. వయసు పైబడి మతిమరుపు ఉన్నవాళ్ళకి అది తగదు. ఎలింజనెటాంట్ అనే కొత్త మందుని రొమ్ము క్యాన్సర్ హార్మోన్ మాత్రలు వాడేవాళ్ళలోనే ప్రత్యేకంగా పరీక్షించారు. మీకు దొరుకుతుందేమో అడగండి. మందు వద్దనుకునేవారికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స ఉంది. ఆవిర్ల సంఖ్య కంటే అవి పెట్టే బాధ, చెడగొట్టే నిద్ర దానితో తగ్గుతాయి.

ఇక్కడ ఒక తప్పు తరచుగా జరుగుతుంది. టామాక్సిఫెన్ నేరుగా పనిచేయదు. కాలేయంలో సి.వై.పి.2డి6 అనే ఎంజైము దాన్ని ఎండాక్సిఫెన్‌గా మార్చాలి. పరాక్సెటిన్, ఫ్లూవాక్సెటిన్, బ్యూప్రోపియాన్ ఆ ఎంజైముని గట్టిగా అడ్డుకుంటాయి. గోళ్ళ ఫంగస్‌కి మింగే టెర్బినాఫిన్ కూడా అంతే. డిప్రెషన్‌కి ఒక డాక్టరు, చర్మానికి ఇంకో డాక్టరు రాసిన మందు క్యాన్సర్ డాక్టరు కంట పడకపోవచ్చు. కాబట్టి ఏ కొత్త చీటీ రాయించుకున్నా "టామాక్సిఫెన్ వాడుతున్నాను" అని ముందే చెప్పండి. వెన్లఫాక్సిన్, సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్‌లతో ఈ బెడద లేనట్టే.

మొక్కల మందులు కదా, ఏం చేస్తాయిలే అనుకోవద్దు. సెయింట్ జాన్స్ వర్ట్ టామాక్సిఫెన్‌ని ఒంట్లోంచి త్వరగా గెంటేస్తుంది. మిరియాల సారం కలిపిన కర్కుమిన్ క్యాప్సూళ్ళు కూడా ఎండాక్సిఫెన్‌ని తగ్గిస్తాయని తేలింది. వంటలో వేసే పసుపు సంగతి కాదు, గాఢంగా తయారుచేసిన క్యాప్సూళ్ళ సంగతి. సోయా తినొచ్చు, దాని సారం మాత్రలు వద్దు. ముట్లు ఆగాక తగ్గిన ఈస్ట్రోజెన్‌ని భర్తీ చేయడానికి ఇచ్చే మాత్రలు, అంటే హెచ్.ఆర్.టి., ఈ జబ్బు వచ్చినవాళ్ళకి పనికిరావు.

కీళ్ళు

అరోమటేజ్ ఇన్హిబిటర్ మానేయడానికి అతి పెద్ద కారణం ఇదే. మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో వస్తుంది. వేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు, అరికాళ్ళు రెండు వైపులా పట్టేస్తాయి. పొద్దున, లేదా కాసేపు కూర్చుని లేచినప్పుడు ఎక్కువ. నాలుగడుగులు వేస్తే సడలుతుంది. ఆ చివరి మాటలోనే వైద్యం ఉంది: విశ్రాంతి దీన్ని పెంచుతుంది, కదలిక తగ్గిస్తుంది.

పొద్దున లేవగానే గోరువెచ్చటి నీళ్ళలో చేతులు అయిదు నుంచి పది నిమిషాలు ఉంచండి. నీళ్ళలోనే వేళ్ళు చాపండి, తర్వాత పై రెండు కణుపులు మాత్రమే వంచి కొక్కెంలా చేయండి, తర్వాత నిండు పిడికిలి, మళ్ళీ చాపండి. ఒక్కో భంగిమలో అయిదు అంకెలు లెక్కపెట్టి, మొత్తం అయిదుసార్లు. బలవంతంగా బిగించొద్దు, ఎంతవరకూ వస్తే అంతే.

నడక లక్ష్యం వారానికి 150 నిమిషాలు, దాంతో పాటు వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామం. ఈ మోతాదుతో ఏడాది పాటు చేసిన అధ్యయనంలో నొప్పి నిజంగానే తగ్గింది. కానీ మొదటి రోజే అరగంట నడిచి, మూడు రోజులు మంచాన పడి, "నాకు పడదు" అని వదిలేసేవాళ్ళే ఎక్కువ. రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి అయిదేసి నిమిషాలు పెంచితే అయిదో వారానికి అరగంట అవుతుంది. కండరాలకి: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం 8 నుంచి 10 సార్లు, గోడకి చేతులానించి తోయడం అన్నిసార్లే, మునివేళ్ళ మీద లేవడం అన్నిసార్లే, మధ్యలో ఒక నిమిషం ఆగి రెండో విడత. చంకలో గడ్డలు తీసినవాళ్ళు ఆ చేత్తో బరువులెత్తకూడదన్నది పాత మాట. అతి తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే వాపు పెరగదు. ఇప్పటికే చేయి వాచి ఉంటే బిగుతు తొడుగు వేసుకుని, ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని చేయండి.

నొప్పి మందుల్లో పారసెటమాల్ ముందు. ఐబుప్రొఫెన్ జాతివి కొద్ది రోజులకే, అదీ కిడ్నీ, కడుపు, బీపీ బాగున్నవాళ్ళకే. వాటితో లొంగకపోతే డ్యులాక్సెటిన్ వారం పాటు 30 మి.గ్రా., తర్వాత 60 మి.గ్రా. ఇస్తారు. ఇది అరోమటేజ్ ఇన్హిబిటర్‌తో సరిపోతుంది, టామాక్సిఫెన్‌తో మాత్రం అదే ఎంజైము గొడవ కొంత ఉంది. ఆక్యుపంక్చర్ వారానికి రెండుసార్లు ఆరు వారాలు చేయించుకుంటే నొప్పి తగ్గినట్టు పెద్ద పరీక్షలోనే తేలింది. వాపు ఉన్న చేతికి సూదులు వద్దని చెప్పండి. విటమిన్ డి ఒకసారి చూపించుకోండి, అది బాగా తక్కువగా ఉన్నా ఒళ్ళునొప్పులు ఉంటాయి.

ఇవన్నీ చేసినా రోజు గడవకపోతే మాత్ర మార్చమని అడగండి. డాక్టరు చెప్పినట్టు రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, నొప్పి ఏమవుతుందో రాసుకోండి. తగ్గితే కారణం మాత్రే. అప్పుడు అదే జాతిలో ఇంకొకటి మొదలుపెడతారు. అనస్ట్రోజోల్ పడనివాళ్ళలో చాలామందికి లెట్రోజోల్ పడుతుంది, కొందరికి అటునుంచి ఇటు. అదీ కుదరకపోతే టామాక్సిఫెన్ ఉండనే ఉంది. ఆపినా నొప్పి తగ్గకపోతే థైరాయిడ్, కీళ్ళవాతం వంటివి వెతకాలి.

ప్రతి నొప్పినీ మాత్ర ఖాతాలో వేయకండి. ఒక్క కీలే ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, ఒకే చోట ఎముక నొప్పి రెండు వారాలు దాటినా, రాత్రి పడుకున్నా తగ్గని నడుంనొప్పి ఉన్నా స్కాన్ అవసరమేమో డాక్టరు చూడాలి. నడుంనొప్పితో పాటు కాళ్ళు బలహీనపడినా, మూత్రం అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎముకలు

ఇవి నొప్పి పెట్టవు, చెప్పకుండా పలచబడతాయి. అరోమటేజ్ ఇన్హిబిటరో అండాశయాల ఇంజక్షనో మొదలుపెట్టేటప్పుడు ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ ఒకటి, తర్వాత ఏడాది రెండేళ్ళకొకసారి. కాల్షియం తిండితో కలిపి రోజు మొత్తానికి 1000 నుంచి 1200 మి.గ్రా., విటమిన్ డి 800 నుంచి 1000 ఐ.యూ. ఒక్కసారికి 500 మి.గ్రా. మించి కాల్షియం వేసుకుంటే ఒంటబట్టేది తగ్గుతుంది కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కార్బొనేట్ అయితే భోజనంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా.

ఎముకలు పలచబడకుండా అలెండ్రోనేట్ 70 మి.గ్రా. వారానికొకసారి రాస్తే అది వేసుకునే పద్ధతిలోనే సగం వైద్యం ఉంది. నిద్ర లేవగానే, ఖాళీ కడుపున, గ్లాసు నిండా మామూలు నీళ్ళతో. తర్వాత అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. పడుకుంటే మాత్ర అన్నవాహికకి అంటుకుని పుండు చేస్తుంది. ఆ పూట కాల్షియం వెనక్కి జరపండి. జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మి.గ్రా. ఆరు నెలలకొకసారి నరంలోకి ఎక్కిస్తారు. మొదటిసారి తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, పారసెటమాల్, నీళ్ళు చాలు. డెనోసుమాబ్ 60 మి.గ్రా. ఇంజక్షన్ విషయంలో మాత్రం తేదీ తప్పకండి. ఆరు నెలలకి వేసుకోవాల్సింది ఆలస్యం చేసినా, చెప్పకుండా ఆపేసినా ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు విరగొచ్చు. ఆపాల్సి వస్తే వేరే మందుతో అందుకోవాలి. ఈ మూడింటిలో ఏది మొదలుపెట్టేముందైనా పళ్ళ డాక్టరుకి చూపించుకుని, పీకాల్సిన పన్ను ముందే పీకించుకోండి.

ఎవరూ అడగని, మీరూ చెప్పని సంగతి

యోని పొడిబారడం, మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్. ఆవిర్లు కాలంతో మెత్తబడొచ్చు గానీ ఇది వదిలేస్తే పెరుగుతుంది. సిగ్గుపడి దాచుకునేవాళ్ళే ఎక్కువ కనుక ఇక్కడ వివరంగా చెప్పాలి.

రెండు రకాల ఉత్పత్తులున్నాయి, రెండిటి పనీ వేరు. మాయిశ్చరైజర్ చర్మానికి క్రీము లాంటిది. కలయికతో సంబంధం లేకుండా వారానికి మూడు నుంచి అయిదు రాత్రులు యోని లోపలికీ, ద్వారం చుట్టూ రాయాలి. వారానికొకసారి రాసి "పనిచేయలేదు" అని ఆపేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. కనీసం రెండు నెలలు చూడండి. లూబ్రికెంట్ ఆ సమయంలో మాత్రమే వాడేది, ఇద్దరూ రాసుకోవాలి. సిలికోన్‌వి ఎక్కువసేపు నిలుస్తాయి. నూనెలు, వాజలిన్ లేటెక్స్ కండోమ్‌ని చింపేస్తాయి. సువాసన, వేడిపుట్టించే గుణం ఉన్నవి మంటని పెంచుతాయి. సబ్బుతో లోపల కడగొద్దు, నీళ్ళు చాలు.

ద్వారం దగ్గరే నొప్పి అయితే 4 శాతం లిడోకెయిన్ ద్రవాన్ని దూదితో మూడు నిమిషాలు అద్ది ఉంచి, తుడిచేసి కలవడం పరీక్షించిన పద్ధతి. డాక్టరుతో రాయించుకోండి. భయంతో కండరాలు బిగుసుకుపోతుంటే ఆ కండరాల్ని సడలించడం నేర్పే పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ, ద్వారాన్ని మెల్లగా వెడల్పు చేసే, చిన్న సైజు నుంచి మొదలయ్యే డైలేటర్లు ఉన్నాయి. ఇవేవీ చాలకపోతే అతి తక్కువ మోతాదు యోని ఈస్ట్రోజెన్ గురించి క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. అరోమటేజ్ ఇన్హిబిటర్ వాడేవాళ్ళలో ఇంకా జాగ్రత్త కావాలి. సొంతంగా కొనుక్కోవద్దు.

టామాక్సిఫెన్ వాడేవాళ్ళు ఆగకూడని సందర్భాలు

ముట్లు ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనబడినా, లేత గులాబీ మరకైనా, గైనకాలజిస్ట్ చూడాలి. గర్భసంచి పొర క్యాన్సర్ అవకాశం ముట్లు ఆగినవాళ్ళలో పెరుగుతుంది. పెరిగినా తక్కువే, తొందరగా పట్టుకుంటే నయమయ్యేదే. తెల్లబట్ట మాత్రం మామూలు, దురద, వాసన లేకపోతే చాలు. ఏ ఇబ్బందీ లేనప్పుడు ఊరికే ఏటేటా గర్భసంచి స్కాన్ చేయించుకోనక్కర్లేదు. టామాక్సిఫెన్ ఆ పొరని మందంగా చూపిస్తుంది, దాంతో అనవసరపు పరీక్షలు, అనవసరపు భయం.

ఒక్క పిక్కే వాచి, నొక్కితే నొప్పి, వేడి ఉంటే అది నరంలో రక్తపు గడ్డ కావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, గుండెల్లో పోటు, దగ్గితే రక్తం వస్తే ఎమర్జెన్సీకి వెళ్ళాలి, మర్నాటి దాకా ఆగొద్దు. దూర ప్రయాణంలో గంటకోసారి లేచి నడవండి. ఏ పెద్ద ఆపరేషన్ కుదిరినా ముందే సర్జన్‌కి చెప్పండి, కొన్ని వారాల ముందు మాత్ర ఆపమనవచ్చు. చూపు మసకబారితే కంటి డాక్టరు దగ్గరికి.

నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోకండి. కడుపులో బిడ్డకి ఈ మాత్ర హానికరం. హార్మోన్ లేని కాపర్ లూప్ గానీ కండోమ్ గానీ వాడండి. పిల్లలు కావాలనుకునేవాళ్ళకి దారి ఉంది: పాజిటివ్ అనే అధ్యయనం 2023లో వెలువడింది. 18 నుంచి 30 నెలలు హార్మోన్ మందు వాడి, గర్భం కోసం రెండేళ్ళ వరకూ ఆపినవాళ్ళలో తొలి కొన్నేళ్ళలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. మళ్ళీ మొదలుపెట్టడం ఆ పథకంలో భాగమే.

మిగతావి

నీరసానికి ముందు రక్తం, థైరాయిడ్, విటమిన్ బి12, నిద్ర చూపించుకోండి. అవన్నీ సరిగ్గా ఉంటే పైన చెప్పిన నడకే మందు. జుట్టు పలచబడితే మినాక్సిడిల్ తలకి రాసుకోవచ్చు, ఫలితానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అరోమటేజ్ ఇన్హిబిటర్ వాడేవాళ్ళు కొలెస్ట్రాల్ అప్పుడప్పుడు చూసుకోవాలి. రెండు వారాలకి మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు ఆగకపోవడం ఉంటే దాన్నీ సైడ్ ఎఫెక్ట్‌గానే లెక్కవేసి చెప్పండి. దానికీ చికిత్స ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్ళకో డాక్టరుకో చెప్పండి.

మాత్ర ఏ పూట వేసుకున్నా ఒకటే. వికారమైతే రాత్రికి, నిద్ర చెడితే పొద్దుటికి మార్చి రెండు వారాలు చూడండి. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే పోయింది పోయిందే, రెండు కలిపి వేసుకోవద్దు. ఒక్క రోజు తప్పినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. టామాక్సిఫెన్ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. ఇబ్బంది ఎక్కువైందని మాత్రని సగానికి విరిచి వేసుకోవడం, రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం సొంతంగా చేయకండి. తక్కువ మోతాదు టామాక్సిఫెన్ 5 మి.గ్రా.ని ఇంకా లోపలికి పాకని తొలిదశ మార్పులున్నవాళ్ళలో పరీక్షించారు. లోపలికి పాకిన క్యాన్సర్ వచ్చినవాళ్ళకి ఆ లెక్క వర్తించదు. ఆపాలని మనసు గట్టిగా పీకుతున్న రోజున ఆ రెండు వారాల పుస్తకం పట్టుకుని వెళ్ళి, "కొన్ని వారాలు ఆపి చూద్దామా, వేరే మాత్రకి మారదామా" అని అడగండి. ఆ ప్రశ్న డాక్టర్లకి కొత్తది కాదు.